ఆకు లెక్క

కొలంబియాలో కోకా ఆకు కోసే కూలీలను రస్పాచిన్లంటారు. వేళ్లకు గుడ్డపీలికలు గట్టిగా చుట్టుకుని, రెమ్మను మొదట్లో పట్టి చివరిదాకా ఒక్క లాగున ఆకు దూస్తారు, మనం మునగాకు దూసినట్టే. పీలిక జారిందా, వేళ్లు చీరుకుపోతాయి. అదే చేను ఉపగ్రహ చిత్రంలో అడవి మధ్య చిన్న మచ్చ.

ఆ మచ్చలను కొలిచే పనిని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల నిరోధక విభాగం కోకా పండే దేశాల ప్రభుత్వాలతో కలిసి చేస్తోంది. కొలంబియాలో ఇది 1999లో మొదలైంది. 2000లో లక్షా 63 వేల హెక్టార్లున్న కోకా 2013 నాటికి 48 వేలకు దిగింది. 2023లో 2 లక్షల 53 వేలకు ఎగబాకింది, అంటే 6 లక్షల ఎకరాలకు పైమాటే.

తగ్గిన ఏడు కూడా పండగ చేసుకోవడానికి లేదు. 1990లలో పెరూ, బొలీవియాలలో కోకా తగ్గుతుంటే కొలంబియాలో పెరిగింది. తర్వాత కొలంబియాలో తగ్గిన కాలంలో పెరూలో మళ్లీ పెరిగింది. ఎవరి కమతం వారు కొలుచుకుంటే ఈ వలస కనపడదు. సరిహద్దు దాటింది కోకా ఒక్కటే కాదు. కోకా మీద కొలంబియా విమానాలతో చల్లిన కలుపు మందు తమ పొలాలనూ మనుషులనూ దెబ్బతీసిందని ఈక్వడార్ 2008లో అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. 2013లో కోటిన్నర డాలర్లిచ్చి కొలంబియా రాజీపడింది. పొరుగింటి గోడ ఇంత పలచన అయినప్పుడు లెక్కల పుస్తకం ఒక్కటే ఉండాలి కదా!

ఉపగ్రహ చిత్రానికి అందని సంగతి ఇంకొకటుంది. ఆండీస్ కొండల్లో కోకా ఆకు తరతరాలుగా బుగ్గన పెట్టుకునేది, టీ కాచుకునేది. బొలీవియా 2017 చట్టం 22 వేల హెక్టార్ల దాకా సాగుకు అనుమతిస్తుంది. ఏ పొద ఆకు ముసలి రైతు బుగ్గలోకి పోతుందో, ఏది కొకైన్ తీసే గుంటలోకి పోతుందో ఆకాశం నుంచి చెప్పలేం. నేలమీద తిరిగి, సంతలో అడిగి తెలుసుకోవాల్సిందే.

రైతు కోకానే ఎందుకు నమ్ముకుంటాడన్నదీ నేలమీదే తెలుస్తుంది. ఏడాదికి మూడు నాలుగు కోతలు. కొనేవాడు గుమ్మంలోకొస్తాడు. అరటి వేసుకుందామంటే, దారిలేని ఊరి నుంచి గెల పట్నం చేరేలోగా మగ్గి కుళ్లుతుంది. నేరగాళ్ల తుపాకీ భయం సరేసరి. ఇవేవీ పట్టించుకోకుండా ప్రభుత్వం మొక్కలు పీకించి వెళ్లిపోతే, రైతు ఇంకో అడవి కొట్టుకుని మళ్లీ నాటుతాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

పెరూలోని శాన్ మార్టిన్ ప్రాంతం ఒకప్పుడు కోకాకు పెట్టింది పేరు. అక్కడ పీకివేతతో పాటు రోడ్లు పడ్డాయి, సహకార సంఘాలు నిలదొక్కుకున్నాయి. రైతులు కాఫీకి, కోకోకు మళ్లారు. మన గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో అంతరపంటగా వేసే కోకోయే అది. ఆ ప్రాంతపు కోకా కొంత వేరే లోయలకు మళ్లి ఉండొచ్చు. అయినా అక్కడి కుటుంబాలు ఇవాళ సరుకును పట్టపగలు తూకానికి వేస్తున్నాయి. కోకా సాగు కొలిచి ఏటేటా వెలువరించే నివేదికల్లో హెక్టార్ల పక్కన ఇంకో గడి గీయాలి: చేనుకు తారురోడ్డు ఎంత దూరం?