అంకె వెనుక అర్థం

తెలుగు బోధించేవారికి కంప్యూటరుతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. భాష ఏదైనప్పటికీ, వ్రాసినది చదువరికి బోధపడాలన్న నియమం మా శాస్త్రానిదే. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేమెరిగిన ఒక గ్రంథాలయానికి ఒక విద్యార్థి పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసి ఇచ్చి, చదువు ముగించుకొని వెళ్ళినాడు. పుస్తకం తిరిగి ఇవ్వవలసిన గడువు అందులో 1209600 అని ఉన్నది. తరువాత గడువును మూడు వారాలకు పెంచవలసి వచ్చినప్పుడు, ఆ అంకె ఏమిటో తెలియక అతని తరువాతివారు ఒక సాయంకాలమంతా తల పట్టుకొని కూర్చున్నారు. అది పదునాలుగు రోజులలోని సెకండ్ల సంఖ్య. 14 * 24 * 60 * 60 అని వ్రాసి ఉంటే, మొదటి అంకెను 21గా మార్చడంతో పని ముగిసేది. ఎందుకిలా వ్రాస్తారని మా విద్యార్థులను అడిగితే, గుణకారాల భారం యంత్రానికి తప్పించడానికేనని బదులు చెప్పినారు.

యంత్రంపై చూపిన ఆ దయ అనవసరమైనది. మనం వ్రాసిన ప్రోగ్రామును పైథాన్ కంపైలర్ మొదట బైట్‌కోడ్ అనే చిన్న చిన్న ఆదేశాల వరుసగా మారుస్తుంది. 24 * 60 * 60 అన్న లెక్కను ఉన్నదున్నట్లు మార్చితే, మూడు అంకెలను తెచ్చుకోవడానికి మూడు, గుణించడానికి రెండు, మొత్తం ఐదు ఆదేశాలు కావాలి. కాని కంపైలర్ ఆ గుణకారాలను అప్పుడే ముగించి, 86400ను తెచ్చుకొనే ఒకే ఆదేశాన్ని మిగులుస్తుంది. ఆ వాక్యం లక్షసార్లు నడిచినా గుణకారం మళ్ళీ జరగదు. స్థిరాంకాల లెక్కను ఇట్లు ముందే తీర్చడాన్ని 'కాన్‌స్టంట్ ఫోల్డింగ్' అంటారు. పైథాన్‌తో పాటు వచ్చే 'డిస్' అనే సాధనంతో విద్యార్థులు దీనిని స్వయంగా చూడవచ్చును.

అయితే కంపైలర్ కనబడిన ప్రతి లెక్కనూ చేయదు. ఇందులోని వివేకమే మమ్ము ఎక్కువగా ఆకర్షించినది. రోజులు * 24 * 60 * 60 అని వ్రాస్తే అది దేనినీ ముడువదు. గుణకారం ఎడమనుండి సాగుతుంది. 'రోజులు' అన్న పేరు వెనుక ఏ విలువ ఉన్నదో దానికి ఇంకా తెలియదు. దశాంశ సంఖ్యలలో వరుస మారితే ఫలితమే మారవచ్చును. 0.1, 0.2, 0.3లలో మొదటి రెండింటిని ముందు కూడితే పైథాన్ 0.6000000000000001 అంటుంది; చివరి రెండింటిని ముందు కూడితే 0.6 అంటుంది. కనుక స్థిరాంకాలను మనమే కుండలీకరణాలలో చేర్చి, రోజులు * (24 * 60 * 60) అని వ్రాయవలెను. సున్నతో భాగహారం కనబడినా కంపైలర్ దానిని అట్లే వదలివేస్తుంది. తప్పు బయటపడవలసినది ఆ వాక్యం నడిచినప్పుడే. ఒక అక్షరాన్ని కోటిసార్లు పునరుక్తి చేయమంటే, ఆ మాటను ముందే తయారుచేసి ఫైలును ఉబ్బించదు. అటువంటి మాటలకు 4096 అక్షరాల హద్దు పెట్టుకొన్నది.

మా విద్యార్థులకిది కొత్త కాదు. ఉత్వసంధి నిత్యం, 'రాముడు, అతడు' అన్నవి 'రాముడతడు' కావలసిందే. అత్వసంధి బహుళం, 'మేనల్లుడు' అనవచ్చు, 'మేనయల్లుడు' అనవచ్చు. ఎక్కడ కలపాలో, ఎక్కడ ఆగాలో తెలియడమే వ్యాకరణం. కంపైలర్ పాటించేదీ అటువంటి మర్యాదనే.

1957లో జాన్ బాకస్ బృందం ఐ.బి.ఎం. సంస్థలో ఫోర్‌ట్రాన్ కంపైలరును వెలువరించిన నాటినుండి, యంత్రానికి పని తగ్గించే బాధ్యతను కంపైలరుకే అప్పగించడానికి మహామేధావులు శ్రమించినారు. ఆ శాస్త్రానికి పునాదులు వేసిన ఫ్రాన్సిస్ ఆలెన్ 2006వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారాన్ని పొందిన తొలి మహిళ. మా విద్యార్థినులు ఈ పేరు గుర్తుంచుకోదగినది. వారంతా శ్రమించి యంత్రానికి అప్పగించిన పనిని మనం మళ్ళీ తలకెత్తుకొని, పైగా చదువరికి అర్థాన్ని దాచిపెట్టడం ఎంతవరకు సబబు?

కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. ప్రయోగ పరీక్షలలో ప్రోగ్రాము నడిచినదా అని మాత్రమే చూడక, దానిని మరొక విద్యార్థి చదివి మార్చగలడా అని కూడ చూచి మార్కులు ఇప్పించండి. విద్యార్థులారా, లెక్కను లెక్కగానే వ్రాయండి. దానికి 'గడువు' వంటి మంచి పేరు పెట్టండి. గుణించడం కంపైలరుకు వచ్చును. ఆ అంకె పదునాలుగు రోజుల గడువని చెప్పవలసినవారు మాత్రం మీరే.