ఇంటింటి విజ్ఞానం: గడప బయట విడవవలసిన బట్టలు

మనవాళ్ళు బరంపురంలో వున్నా, షోలాపూరులో వున్నా, హోసూరులో వున్నా ఒక ఆచారం మాత్రం మానలేదు. చావింటికి వెళ్ళి వచ్చినవారు తిన్నగా లోపలికి రారు. పెరటిదారిన వచ్చి, కట్టుబట్టలు తడిపి, తలమీద నీళ్ళు పోసుకున్న తరువాతనే గడప దాటుతారు. ఇదంతా చాదస్తమని మన పిల్లలు నవ్వవచ్చు. కాని ఒంటిమీది బట్టవెంట ఆపద రాగలదన్న మాట ఒక విషయంలో అక్షరాలా నిజం. అది యుద్ధాలలో వాడిన విషరసాయనాల సంగతి.

1943 డిసెంబరు 2వ తేదీ రాత్రి ఇటలీలోని బారి రేవుమీద జర్మను విమానాలు బాంబులు వేశాయి. అక్కడ నిలిచివున్న ఓడలలో అమెరికావారి 'జాన్ హార్వే' ఒకటి. అందులో మస్టర్డ్ అనే విషం నింపిన బాంబులు వున్నవి. ఆ సంగతి పరమ రహస్యం. ఓడ పేలిపోయింది. విషం నీటిమీద తేలే చమురులో కలిసింది. నావికులు ఆ నీళ్ళలోనే ఈది గట్టుకు చేరారు. ఆసుపత్రివారు జాలిపడి, చలికి వణుకుతున్న ఆ మనుషులకు తడిబట్టలమీదనే కంబళ్ళు కప్పి కూర్చోబెట్టారు. మస్టర్డ్ వెంటనే మండదు. కొన్ని గంటలు గడిచాక కళ్ళు మూసుకుపోయాయి, ఒళ్ళు బొబ్బలెక్కింది. విషం సోకి ఆసుపత్రి పాలైన 600 పైచిలుకు మందిలో 83 మంది మరణించారు. ముందు బట్టలు విప్పించి ఒళ్ళు కడిగివుంటే ఎంత ముప్పు తప్పేదో గదా! కప్పిన కంబళే విషాన్ని ఒంటికి అదిమిపెట్టింది.

మరి బట్టనే కవచంగా చేయడం ఎలా? రబ్బరు కోటు తొడిగితే విషం లోపలికి రాదు, నిజమే. కాని చెమటా బయటికి పోదు. కాసేపటికే మనిషి ఉక్కకు సొమ్మసిల్లుతాడు. అందుచేత సైనికులకు మరొక రకం సూటు కుట్టారు. దాని పైపొర ద్రవపు బొట్టును నిలవనీయక జార్చే గుడ్డ. లోపొరలో ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు వుంటుంది. దాని సన్నని రంధ్రాలు విషపు ఆవిరిని పట్టివుంచుతాయి. గాలి, చెమట మాత్రం ఆడుతుంటాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖానికి తొడిగే ముసుగులకు కొబ్బరిచిప్ప బొగ్గునే వాడారు.

కాని ఆ బొగ్గుకు విచక్షణ లేదు. పెట్రోలు ఆవిరి, పొగ, నూనె ఏది తగిలినా దాని శక్తి తగ్గుతుంది. కనుక అవసరం వచ్చేదాకా సంచీ మూత విప్పరాదు. విప్పిన తరువాత రోజులు లెక్కపెట్టుకోవాలి. 1990లలో అమెరికా సైన్యం తెచ్చిన ఒక సూటుకు తొడిగే గడువు 45 రోజులు, ఉతుకులు 6. విషం తగిలితే 24 గంటలలోగా మార్చి తీరాలి. తొడిగేటప్పుడు చేతొడుగులమీదికి చొక్కా చేతులు, బూట్లమీదికి పంట్లాము అంచులు రావాలి. ఇంటికప్పుమీద పెంకుపై పెంకు పరచినట్లన్నమాట. జారిన బొట్టు లోపలికి పోదు.

తొడగడంకంటె విప్పడం కష్టం. తోటివాడొకడు సాయం వుండాలి. బయటివైపు లోపలికి పోయేటట్లు చుడుతూ తీయాలి. పైముఖాన్ని వట్టి చేత్తో తాకరాదు. ముఖానికున్న ముసుగు చివరనే తీయాలి.

"ఈ యుద్ధాల గొడవ మనకెందుకు?" అంటారేమో. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు పురుగులమందు కోసం వెతుకుతూ టాబున్ అనే ఘోరవిషాన్ని కనుగొన్నాడు. నేడు ఆర్గానోఫాస్ఫేట్ అని సీసాలమీద కనబడే మందులు దానికి దాయాదులే. బలం తక్కువైనా చర్మంగుండా ఒంట్లోకి దిగే గుణం వాటికీ వున్నది. తుంగభద్ర నీటికింద గంగావతి, సింధనూరు ప్రాంతాల క్యాంపులలో సేద్యం చేసే మన కుటుంబాలవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

పొలంలో ఎవరికీ బొగ్గు సూటు వుండదు. పొడుగుచేతుల చొక్కా, రబ్బరు చేతొడుగులు, బూట్లు, ముఖానికి తగిన తొడుగు వుండాలి. వీపుమీది డబ్బా కారి చొక్కా తడిస్తే, "ఈ ఒక్క మడీ అయిపోనీ" అనుకోకండి. అక్కడే విప్పి, సబ్బుతో ఒళ్ళు కడుక్కోండి. ఇంటికి వచ్చాక బట్టలు బయటనే విడవండి. స్నానం కాకముందు పసిబిడ్డను ఎత్తుకోకండి. సోదరీమణులారా, ఆ బట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలిపి నానవేయకండి, చేతొడుగులతోనే ఉతకండి. మందు పీల్చిన తోలుచెప్పులు కడిగినా శుభ్రపడవు, పారవేయండి.

పెద్దలు చావింటి బట్టకు పెట్టిన నియమాన్ని మనం మందుబట్టకు కూడా పెడదాం. అప్పుడు పిల్లలు నవ్వినా నష్టం లేదు.