కాగితాల దగ్గర పోతున్న పీజీ సీట్లు



పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ నోటిఫికేషన్ పడిందంటే పత్రికలూ కోచింగ్ సెంటర్లూ అన్నీ పరీక్ష గురించే చెబుతాయి. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, ఏ పాఠం నుంచి ఎన్ని వస్తాయి, కిందటేడు ఎంత ర్యాంకుకు ఎక్కడ సీటొచ్చింది. ఆ సమాచారం అవసరమే. కానీ పాలమూరు జిల్లాలో డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నేను చూసింది వేరు. బాగా చదివే పిల్లలు సీటు పోగొట్టుకునేది ర్యాంకు వచ్చాక. సీటు అలాట్ అయిన నాటికీ, కాలేజీలో రిపోర్ట్ చేయాల్సిన ఆఖరి తేదీకీ మధ్య కొద్ది రోజులే ఉంటాయి. ఆ కొద్ది రోజుల్లో కాగితాలు, డబ్బు, ఉండడానికి చోటు, మూడూ కుదరాలి. కుదరకపోతే సీటు ఇంకొకరికి వెళ్తుంది.

పది, ఇంటర్ మెమోలు అందరి ఇళ్లలోనూ ఉంటాయి. చిక్కంతా మిగతా వాటితోనే. స్థానికత తేల్చడానికి తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా 7 ఏళ్ల స్టడీ సర్టిఫికెట్లు కావాలి. తొమ్మిది, పది చదివిన ప్రైవేటు బడి ఎప్పుడో మూతపడి ఉంటుంది. దాని రికార్డులు ఎవరి దగ్గరున్నాయో మండల విద్యాధికారి కార్యాలయంలో వాకబు చేయాలి. ఆదాయ సర్టిఫికెట్ పాతది చెల్లదు. మీసేవలో దరఖాస్తు పెట్టాక తహసీల్దార్ ఆఫీసులో ఫైలు కదిలే దాకా ఆగాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ కూడా ఆర్థిక సంవత్సరం మారితే మళ్లీ తీసుకోవాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది పేరు. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో అదీ ఉండదు. డిగ్రీ మధ్యలో పెళ్లయిన అమ్మాయి ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరూ అత్తగారి ఊరూ చేరిపోతాయి. స్కాలర్‌షిప్ కోసం ఈ-పాస్‌లో దరఖాస్తు చేసినప్పుడు వివరాలు కలవక అక్కడే ఆగిపోతుంది. సీపీగెట్ రాసేవాళ్లలో అమ్మాయిలే ఎక్కువని గుర్తుంచుకుంటే ఇది ఎంతమందిని తాకుతుందో ఊహించవచ్చు. ఇలాంటివి దిద్దించుకోవడానికి వారాలు కావాలి. అందుకే ఆరో సెమిస్టర్‌లో, పరీక్షల ఒత్తిడి మొదలుకాకముందే, మెమో, ఆధార్, పాస్‌బుక్ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూసుకోమని మా పిల్లలకు చెప్పేదాన్ని.

ఇక టీసీ. మా ప్రాంతంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చదివిన అమ్మాయికి మంచి ర్యాంకే వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా జమ కాలేదు, ఆ మొత్తం కడితేనే టీసీ ఇస్తామన్నారు. తండ్రి అప్పు కోసం తిరిగేలోగా గడువు దాటింది. యాజమాన్యాల బాధ అబద్ధమని నేననను. ప్రభుత్వ బకాయిల కోసం 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కాలేజీలు తాళాలు వేసుకుని ఆందోళన చేశాయి. నెలల తరబడి జీతాలు అందని అధ్యాపకులు నాకు తెలుసు. అయినా అప్పు పడింది ప్రభుత్వం, తాకట్టు పెట్టుకుంటున్నది పిల్లల టీసీ. ఇది అన్యాయం. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని, సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చేరినవాళ్లు మానుకుంటే ఫీజు వాపసు ఎంతివ్వాలో కూడా అందులోనే ఉంది. ప్రవేశాల ఆఖరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే 5 శాతం, అదీ 5 వేల రూపాయలకు మించకుండా కోసుకుని మిగతాదంతా తిరిగి ఇవ్వాలి. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు మా ఊళ్లలో ఎందరు?

వెబ్ ఆప్షన్లు పెట్టేది చాలాసార్లు నెట్ సెంటర్ కుర్రాడు. రెగ్యులర్ కోర్సుకూ సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుకూ ఫీజులో ఎంత తేడా ఉందో అతను చెప్పడు, పిల్లలు అడగరు. సీటు వచ్చాక ఫీజు చూసి వెనక్కి తగ్గుతారు. ఏ ఊళ్లో చదివితే నెలకు ఎంతవుతుందో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకున్నాకే ఆప్షన్లు పెట్టాలి. హైదరాబాద్ అయితే యూనివర్సిటీ హాస్టల్ గది చేరిన రోజే దొరకదు. దొరికేదాకా విద్యానగర్‌లోనో తార్నాకలోనో ప్రైవేటు హాస్టల్‌కు అడ్వాన్స్ కట్టి ఉండాలి. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి కనీసం మొదటి మూడు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. ఆ డబ్బు లేకపోతే పల్లె ఇళ్లల్లో మొదట ఆగిపోయేది కూతురి చదువే. అలాంటి ఇంటివాళ్లకు నా సలహా, దగ్గరి యూనివర్సిటీని చిన్నచూపు చూడకండి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు ఛార్జీ లేదు. చుట్టుపక్కల మండలాల అమ్మాయి ఇంటి నుంచే పాలమూరు యూనివర్సిటీకి వెళ్లి రావచ్చు.

ఇక చేరాక ఎదురయ్యేది భాష సమస్య. తెలుగు మీడియంలో డిగ్రీ చదివినవాళ్లు క్లాసులు మొదలయ్యే లోపు తమ సబ్జెక్టులో ఒక ఇంగ్లీషు పాఠ్యపుస్తకాన్ని తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాలి. మొదటి నెలలో నోట్సు అందుకోలేక మౌనంగా మానేసినవాళ్లను చూశాను.

పెద్దపిల్లలే కదా, ఇవన్నీ వాళ్లే చూసుకోవాలి అని సాటి అధ్యాపకులు కొందరు అంటారు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లే అయినప్పుడు, ఏం చూసుకోవాలో చెప్పేవాళ్లు ఎవరు? కాలేజీలో ఉన్న ఒక్క క్లర్కు దగ్గర జులైలో వందమంది క్యూ కట్టే కంటే, ఫిబ్రవరిలోనే ఒక రోజు కేటాయించి ఆరో సెమిస్టర్ పిల్లలందరి కాగితాలూ చూడడం ఆ క్లర్కుకూ మేలే. ఆ రోజు మీసేవ నిర్వాహకుడినీ, తహసీల్దార్ కార్యాలయం నుంచి ఒకరినీ, అదే కాలేజీలో చదివి ఇప్పుడు పీజీ చేస్తున్న ఒక విద్యార్థినీ పిలిస్తే చాలు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. బోనఫైడ్, స్టడీ సర్టిఫికెట్లు ఆ రోజే చేతికిచ్చేయవచ్చు. ఫలితాలు వచ్చిన వారంలోపే టీసీ, ప్రొవిజనల్ కూడా అందాలి.

తెలంగాణ ఉన్నత విద్యామండలి ఇలాంటి కాగితాల రోజును ప్రతి డిగ్రీ కాలేజీకీ తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇవ్వాలని, ఫీజు బకాయి పేరుతో టీసీ ఆపిన కాలేజీ మీద చర్య తీసుకోవాలని, ప్రభుత్వం ఆ బకాయిలు తీర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా, డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్న పిల్లలు ఈ వారమే తాము చదివిన బడికి వెళ్లి స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు,
మహబూబ్‌నగర్