బ్యాటరీ పోయిందని ఎవరు చెప్పిన్రు?

పోయిన సెమిస్టర్‌లో ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్‌కి సరిగ్గా పది రోజుల ముందు నా లాప్‌టాప్‌లో బ్యాటరీ గుర్తు మీద ఎర్ర ఇంటూ మార్కు పడింది. మౌస్ దాని మీద పెడితే "నో బ్యాటరీ ఈజ్ డిటెక్టెడ్" అని వచ్చింది. చార్జింగ్ ఎక్కట్లేదంటే అదో రకం. ఇది అసలు నాలో బ్యాటరీయే లేదంటోంది. వైరు పెట్టి ఉంటే బానే నడుస్తుంది. వైరు కొంచెం కదిలితే చాలు, టప్పున ఆగిపోతుంది. మా హాస్టల్‌లో కరెంట్ సంగతి మీకు తెలిసిందే. ఆ రాత్రి రెండుసార్లు పోయింది. రెండోసారి కరెంట్‌తో పాటు నేను సేవ్ చెయ్యని డీబీఎంఎస్ ప్రాజెక్ట్ కోడ్ కూడా పోయింది.

నా లాప్‌టాప్ కష్టాలు చెప్పుకోవడానికి ఈ వ్యాసం రాయట్లేదు. ఆ పది రోజుల్లో నా గురించి, మన బ్రాంచ్ గురించి నాకు ఒక విషయం అర్థమైంది. కోడ్‌లో తప్పు వస్తే మనం లైన్ లైన్‌కీ ప్రింట్ పెట్టి మరీ వెతుకుతాం. అదే మిషన్‌లో తప్పు వస్తే ఊహించి డబ్బులు పెట్టేస్తాం. కంప్యూటర్ సైన్స్ అని పేరు పెట్టుకుని కంప్యూటర్‌కి భయపడుతున్నాం.

ముందు నేను చేసిన ఘనకార్యాలు చెప్తాను. రూమ్‌లో ముగ్గురు ఉంటే మూడు సలహాలు వచ్చాయి. ఒకడు "ఫార్మాట్ కొట్టు" అన్నాడు. కొట్టాను. సగం రోజు పోయింది, ఎర్ర మార్కు పోలేదు. ఇంకొకడు "బయాస్ అప్‌డేట్ చెయ్యి" అన్నాడు. బ్యాటరీ లేకుండా అప్‌డేట్ చెయ్యనని లాప్‌టాపే మొండికేసింది. నిజానికి దానిదే తెలివి. మధ్యలో కరెంట్ పోయి ఉంటే బోర్డు మొత్తం పనికిరాకుండా పోయేది. మూడోవాడు "ఏడాదిన్నర అయింది కదరా, బ్యాటరీ పోయుంటది, మార్చెయ్" అన్నాడు. ఆన్‌లైన్‌లో 2,800 పెట్టి కొత్త బ్యాటరీ తెప్పించాను. యూట్యూబ్ చూస్తూ నేనే వేశాను. స్విచ్ వేశాను. అదే ఎర్ర మార్కు. సీల్ తీశాక వెనక్కి తీసుకోమన్నారు.

తర్వాత సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. అరగంట లోపల పెట్టుకుని, మదర్‌బోర్డు మార్చాలి, 21,500 అవుతుంది అని కాగితం ఇచ్చారు. ఏమైంది అని అడిగితే "బోర్డ్ ఇష్యూ సార్" అన్నారు. వారంటీ ఎప్పుడో అయిపోయింది.

ఆ లాప్‌టాప్ మా అమ్మ చీటీ ఎత్తి కొన్నది. 52,000. ఆ చీటీ డబ్బులు నెలనెలా ఇప్పటికీ కడుతూనే ఉంది. మిషన్ కుట్టి కూడబెట్టే మనిషికి ఫోన్ చేసి ఇంకో 21,500 అని ఎలా చెప్పాలి? ఆ రోజు అమ్మే ఫోన్ చేసింది. "చదువు ఎట్ల నడుస్తుంది బిడ్డా?" అంటే బానే ఉందని చెప్పి పెట్టేశాను. అబద్ధం చెప్పినందుకు కంటే, నిజం చెప్పమంటే చెప్పడానికి నా దగ్గర ఏ నిజమూ లేనందుకు ఎక్కువ సిగ్గేసింది. ఏమైందో నాకే తెలియదు కదా.

ఒక సీనియర్ అన్న, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి పొమ్మన్నాడు. అసలు పేరు చెనాయ్ ట్రేడ్ సెంటర్. కంప్యూటర్ సామాన్లకి, రిపేర్లకి హైదరాబాద్‌లో అందరికీ తెలిసిన చోటు. శనివారం పొద్దున్నే వెళ్లాను. ఒక చిన్న కొట్టు, ముగ్గురు నిలబడితే నిండిపోతుంది. లోపల తల వంచుకుని పని చేస్తున్న అన్నకి నేను నా ఇంగ్లీష్ మొత్తం వినిపించాను. డ్రైవర్ రీఇన్‌స్టాల్ చేశా, ఓఎస్ రీఇన్‌స్టాల్ చేశా, బ్యాటరీ రీప్లేస్ చేశా...

ఆయన ఆపి మూడు ప్రశ్నలు అడిగాడు. "వైరు పెడితే నడుస్తదా? బయాస్ల బ్యాటరీ కనిపిస్తుందా? మొదలు ఎవరన్న విప్పిన్రా?"

నడుస్తుంది. బయాస్‌లో నేను చూడనే లేదు. మూడోదానికి మాత్రం కాస్త ఆగాను. మూడు వారాల క్రితం ర్యామ్ పెంచుకోవడానికి నేనే విప్పాను. ముందు బ్యాటరీ కనెక్టర్ తియ్యాలని వీడియోలో చెప్పాడు, తీశాను, మళ్లీ పెట్టాను. తర్వాత బాగానే పనిచేసింది కాబట్టి ఆ సంగతే మర్చిపోయాను.

"మరి కొత్త బ్యాటరీ ఎందుకు కొన్నవ్? పాతది పోయిందని ఎవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదన్నా, నేనే అనుకున్నా."

"అనుకునుడు వేరు తమ్మీ, చూసుడు వేరు."

ముందు బయాస్‌లోకి వెళ్లి చూశాడు. అక్కడ కూడా బ్యాటరీ లేదు. "అయితే విండోస్ తప్పు కాదు" అన్నాడు. నేను ఫార్మాట్ కొట్టిన సగం రోజుకి అక్కడే సమాధానం దొరికింది. తర్వాత వెనక మూత తీసి, నా పాత బ్యాటరీని మల్టీమీటర్‌తో చూశాడు. 11 వోల్టుల పైనే ఉంది. అంటే నిక్షేపంగా ఉంది. అప్పుడు భూతద్దం పెట్టి బోర్డు మీది సాకెట్ చూపించాడు. సన్నటి పిన్నుల్లో రెండు పక్కకి వంగి ఉన్నాయి.

"ఈ లావువి కరెంటుకి. ఈ సన్నవి మాట్లాడుకోనీకి. మాట్లాడకపోతే అది ఉన్నట్టు దీనికెట్ల తెలుస్తది?"

ఇంగ్లీష్ మీడియంలో చదివి, డేటా లైన్, కమ్యూనికేషన్ ప్రోటోకాల్ అని పరీక్షల్లో పేజీలు రాసిన నాకు, ఆ మాటతో గానీ అదేంటో కళ్లకి కనిపించలేదు. హాస్టల్‌కి వచ్చాక చదివాను. లాప్‌టాప్ బ్యాటరీ అంటే ఉత్త సెల్స్ మాత్రమే కాదట. లోపల ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఎంత చార్జ్ ఉంది, ఎంత వేడి ఉంది, ఎన్ని వోల్టులు ఉన్నాయి అని అది మదర్‌బోర్డుకి చెప్తూ ఉంటుంది. ఆ మాటలు నడిచే దారిని ఎస్ఎంబస్ అంటారు. 1990లలో ఇంటెల్, డ్యూరాసెల్ కలిసి తెచ్చిన పద్ధతి అది. ఆ దారి తెగితే లోపల ఎంత చార్జ్ ఉన్నా మిషన్ దాన్ని నమ్మదు. నమ్మకపోవడమే మంచిది కూడా. వేడి ఎంతుందో తెలియని లిథియం బ్యాటరీలోకి కరెంట్ తోయడం ప్రమాదం. ర్యామ్ వేసిన రోజు నేను కనెక్టర్‌ని వంకరగా తోశాను. కొన్నాళ్లు ఆ పిన్నులు ఎలాగో ఆనుకుని ఉన్నాయి, బ్యాగులో కుదుపులకి ఒకరోజు పూర్తిగా వదిలేశాయి. కొత్త బ్యాటరీ వేసినా ఆ వంగిన సాకెట్‌కే కదా తగిలించింది, అందుకే అదీ కనపడలేదు.

ఆయన సన్నటి పట్టకారుతో పిన్నులు సరిచేసి, ఒకచోట టాంకా పెట్టి, పాత బ్యాటరీనే తగిలించాడు. 64 శాతం అని చూపించింది. 500 తీసుకున్నాడు.

ఇందులో ఆయన చేసిన గొప్ప పని పిన్నులు వంచడం అని నేను అనుకోను. చెయ్యి పెట్టే ముందు ప్రశ్నలు అడగడం, ఒక్కో ప్రశ్నతో సగం అనుమానాలు కొట్టేయడం, అదే అసలు పని. అల్గారిథమ్స్ క్లాసులో బైనరీ సెర్చ్ అని మనం నేర్చుకున్నది ఇదే. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చున్నది ఆఖరున. నేను సరిగ్గా దాన్ని తలకిందులుగా చేశాను.

మీకూ ఈ అవస్థ రావచ్చు కాబట్టి, నేను ఇప్పుడు ఏ వరుసలో చూస్తానో చెప్తాను. ముందు మెసేజ్ సరిగ్గా చదవాలి. "ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్" వేరు, "నో బ్యాటరీ" వేరు. 60 దగ్గరో 80 దగ్గరో చార్జింగ్ ఆగితే చాలాసార్లు అది రోగమే కాదు. బ్యాటరీ ఆయుష్షు కోసం కంపెనీ యాప్‌లో ఉండే పరిమితి ఆన్‌లో ఉంటుంది. తర్వాత చార్జర్. లాప్‌టాప్ నడుస్తోంది కదా అని చార్జర్ బాగున్నట్టు కాదు. 65 వాట్లు కావాల్సిన దానికి ఫోన్ చార్జర్ పెడితే అది చాలదు. కొన్ని లాప్‌టాప్‌లు చార్జర్‌ని గుర్తుపట్టలేకపోతే దానితో నడుస్తాయి గానీ బ్యాటరీకి కరెంట్ ఇవ్వవు. వీలైతే అదే మోడల్ ఉన్న ఫ్రెండ్ చార్జర్ ఒకసారి పెట్టి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఆ తర్వాత షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. పవర్ సంగతి చూసుకునే చిన్న కంట్రోలర్ ఒక్కోసారి ఇరుక్కుపోతుంది, దీంతో మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. తర్వాత బయాస్. అక్కడ బ్యాటరీ కనిపించి విండోస్‌లో కనిపించకపోతే డ్రైవర్ వైపు చూడాలి. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద ఉన్న ఏసీపీఐ బ్యాటరీ డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేస్తే తనే మళ్లీ వేసుకుంటుంది. బయాస్‌లో కూడా లేకపోతే ఫార్మాట్ జోలికి పోవద్దు. కనిపిస్తోంది గానీ చార్జ్ నిలవట్లేదు అంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ కొట్టండి. కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అని రెండు అంకెలు ఇస్తుంది. 50,000 పట్టేది 25,000కి వచ్చిందంటే, అప్పుడు నిజంగానే బ్యాటరీ అయిపోయింది. కొత్తది కొనే ముందు కనీసం ఆ అంకె చూసుంటే...

"ఇవన్నీ మాకెందుకు, మేం సాఫ్ట్‌వేర్ వాళ్లం, షాపువాడికిస్తే చేసిపెడతాడు" అని మా రూమ్‌లోనే ఒకడు అంటాడు. ఇవ్వండి, తప్పులేదు. నేనూ ఇచ్చాను. కానీ ఏం జరిగిందో కొంచెమైనా తెలిసి ఇవ్వడానికీ, కాగితం మీద 21,500 చూసి బిక్కమొహం వెయ్యడానికీ తేడా ఉంది. తెలిస్తేనే "ఏ పార్ట్ పోయింది, చూపించండి" అని అడగగలం. ఇంకో అభ్యంతరం, ప్రమాదం కదా అని. అది నిజమే. బ్యాటరీ ఉబ్బితే, అంటే టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా, వెంటనే ఆపెయ్యాలి. చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు. అది తెలిసినవాళ్ల పని. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా నేర్చుకోవాల్సినదే. ఇక వారంటీలో ఉంటే స్క్రూడ్రైవర్ ముట్టుకోకండి, వాళ్లతోనే చేయించుకోండి.

ప్రపంచం కూడా మెల్లగా ఇటే వస్తోంది. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే వస్తువుల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. మన దేశంలో కూడా 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేర్ హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. హక్కు ఇస్తే సరిపోదు, మూత తీశాక లోపల ఏముందో తెలియాలి. అది మనలాంటి కాలేజీల్లో నేర్పాలి.

మనకి ఫస్ట్ ఇయర్‌లో ఐటీ వర్క్‌షాప్ ఉంది. ఏం చేశాం? క్యాబినెట్ బొమ్మ పెన్సిల్‌తో వేసి, భాగాలకి పేర్లు రాసి, రికార్డు మీద సంతకం పెట్టించుకున్నాం. ఒక్క స్క్రూ విప్పలేదు. స్టోర్ రూమ్‌లో పాడైన లాప్‌టాప్‌లు దుమ్ము పట్టి ఉన్నాయి. వాటినే బల్ల మీద పెట్టి, బ్యాటరీ కనెక్టర్ ఎలా తియ్యాలి, ఎలా పెట్టాలి, మల్టీమీటర్ ఎక్కడ ఆనించాలి అని ఒక్క మధ్యాహ్నం చూపిస్తే చాలు. నేర్పడానికి ఆ సీటీసీ అన్నలాంటి వాళ్లని పిలవాలి. గెస్ట్ లెక్చర్ అంటే కంపెనీల నుంచి వచ్చేవాళ్లే కావాలా? పిలిచి, ఆయన ఒక రోజు కొట్టు మూసుకున్నందుకు డబ్బులు కూడా ఇవ్వాలి. హెచ్ఓడీ మేడమ్‌కి అడగడానికి లెటర్ రాశాను, ఇంగ్లీష్‌లోనే. కింద సంతకాలకి చోటు వదిలాను. బీ బ్లాక్ 214లో ఉంటాను, వచ్చి పెట్టండి.

సీటీసీ నుంచి తిరిగొస్తూ బస్సులోనే అమ్మకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, 2,800 సంగతితో సహా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నా కుట్టు మిషన్ ఆగితె ముందుగాల దారం చూస్త, తర్వాత సూది చూస్త. మోటర్ మార్చమంటానా?" అంది.

ఆ కొత్త బ్యాటరీ నా అల్మారాలో ఉంది. మీలో ఎవరిదైనా నా మోడలే అయ్యి, బ్యాటరీ నిజంగా పోయి ఉంటే సగం ధరకి ఇస్తాను. కానీ ముందు రిపోర్ట్‌లో ఆ రెండు అంకెలు చూపించాలి.