రైలెక్కుదామా... కారు తీసుకుందామా!

వేసవి సెలవులకు యూరప్ వెళ్లాలనుకుంది విజయవాడలో ఓ కుటుంబం. డెబ్బై దాటిన తండ్రి, మోకాళ్ల నొప్పులతో బాధపడే తల్లి, కొడుకు, కోడలు, ఎనిమిదేళ్ల మనవడు... మొత్తం అయిదుగురు. పన్నెండు రోజుల ప్రయాణం. ప్యారిస్‌లో దిగి, స్విట్జర్లాండ్‌లో మంచుకొండలు చూసి, ఫ్లోరెన్స్ మీదుగా రోమ్ చేరి అక్కణ్నుంచి విమానం ఎక్కాలి. ఇంతవరకూ అందరిదీ ఒకటే మాట. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది.

‘కారు అద్దెకు తీసుకుంటే మన ఇష్టం. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. అమ్మకు నడిచే బాధ ఉండదు’ అన్నాడు కొడుకు. ‘రైలైతే మీరూ మాతోపాటు కిటికీలోంచి చూడొచ్చు’ అంది కోడలు.

యూరప్ ప్రయాణం పెట్టుకున్న చాలా ఇళ్లలో ఈ చర్చ తప్పదు. ఏది చవకో తేలితే సరిపోతుందనుకుంటారు. నిజానికి తేల్చుకోవాల్సింది అదొక్కటే కాదు.

అసలు కన్నా కొసరే ఎక్కువ

కారు రోజు అద్దె చూస్తే అయిదుగురి రైలు టికెట్ల కన్నా తక్కువే అనిపిస్తుంది. కానీ లెక్క అక్కడితో ఆగదు. ప్యారిస్‌లో తీసుకున్న కారును రోమ్‌లో అప్పగిస్తామంటే, వేరే దేశంలో వదిలినందుకు అదనంగా భారీ మొత్తం అడుగుతారు. ఫ్రాన్స్, ఇటలీ హైవేల మీద టోల్ కట్టాలి. స్విట్జర్లాండ్ హైవేల మీద తిరగాలంటే 40 ఫ్రాంకుల ‘విగ్నెట్’ ఉండాలి. ఒక్కరోజు తిరిగినా ఏడాదికి సరిపడా కొనాల్సిందే. స్విట్జర్లాండ్‌లో 12 ఏళ్లు నిండని, 150 సెంటీమీటర్ల ఎత్తు లేని పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. దానికీ అద్దె ఉంటుంది. గేర్లు మార్చక్కర్లేని ఆటోమేటిక్ కారు కావాలంటే సాధారణంగా ఇంకాస్త ఎక్కువ. పెట్రోలు, పార్కింగ్ సరేసరి.

డిపాజిట్ సంగతి ముందే తెలుసుకోవాలి. కారు నడిపే వ్యక్తి పేరు మీదున్న క్రెడిట్ కార్డునే చాలా కంపెనీలు అడుగుతాయి. కారు తిరిగిచ్చేదాకా ఆ కార్డులో పెద్ద మొత్తం బిగుసుకుపోతుంది. హోటల్ బిల్లులకు కూడా అదే కార్డును నమ్ముకుంటే దేశంకాని దేశంలో ఇబ్బంది పడాలి. అయిదుగురూ ఎక్కగలిగిన చిన్నకారులో అయిదు పెద్ద సూట్‌కేసులు పట్టవన్నదీ మర్చిపోకూడదు.

ఇక లైసెన్స్. బయల్దేరే ముందే ఇక్కడి రవాణా శాఖ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అది ఏడాదిపాటు చెల్లుతుంది. దాంతోపాటు మన అసలు లైసెన్స్ కూడా దగ్గరుండాలి.

కుడిచేతి దారి

విజయవాడ ట్రాఫిక్‌లో బండి నడిపినవాళ్లు ఎక్కడైనా నడపగలరని మనవాళ్ల ధీమా. కానీ ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీల్లో బండి కుడివైపు నడపాలి. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మలుపులు, రౌండ్ అబౌట్లు అన్నీ మన అలవాటుకు తలకిందులు. ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. రాత్రంతా విమానంలో కూర్చుని, నిద్రలేని కళ్లతో దిగిన రోజే ఇవన్నీ నేర్చుకోవడం ప్రమాదం. కారు తీసుకునేవాళ్లు కనీసం ఒక రాత్రి విశ్రాంతి తీసుకున్నాకే స్టీరింగ్ పట్టుకోవాలి.

ఇటలీలో ఇంకో చిక్కుంది. ఫ్లోరెన్స్, రోమ్ లాంటి నగరాల పాత వీధుల్లోకి అనుమతి లేని వాహనాలు వెళ్లకూడదు. ఆ ప్రాంతాలను ‘జెడ్‌టీఎల్’ అంటారు. అక్కడ పోలీసు ఆపడు, కెమెరా ఫొటో తీస్తుంది. దారి తెలియక రెండుసార్లు వెళ్తే రెండు జరిమానాలు. ఇంటికొచ్చిన కొన్ని నెలల తర్వాత నోటీసు వస్తుంది. వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె కంపెనీ తీసుకునే రుసుము దానికి అదనం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు ఆ నగరాల్లోకి కారు తీసుకెళ్లకపోవడమే మేలు.

రైలుకూ ఉన్నాయి తిప్పలు

అలాగని రైలంతా పూలబాట కాదు. మన స్టేషన్లలోలా లగేజీ ఎత్తే కూలీలు అక్కడ దాదాపు కనిపించరు. ఎవరి పెట్టె వాళ్లే మోసుకోవాలి. రైలు మారడానికి ఒక్కోచోట పది నిమిషాలే ఉంటుంది. ఫ్రాన్స్, ఇటలీల్లో సమ్మెలు మామూలే. రైళ్లు గడియారం ప్రకారం నడుస్తాయన్న నమ్మకమూ అన్నిచోట్లా నిజం కాదు. 2024లో జర్మనీ రైల్వే దూరప్రాంత రైళ్లలో సమయానికి చేరినవి సుమారు 62 శాతమే. అందుకే రైలు మారేచోట కాస్త ఎక్కువ వ్యవధి ఉంచుకోవాలి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం, రైలు గంటకు పైగా ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం అడిగే హక్కు ప్రయాణికులకు ఉంది. ప్రకృతి వైపరీత్యాల లాంటి కొన్ని కారణాలకు మాత్రం ఇది వర్తించదు.

పాస్‌ల విషయంలోనూ తొందరపాటు వద్దు. యూరప్ బయట నివసించేవారి కోసం ఉన్న యూరైల్ పాస్‌తో 33 దేశాల్లో తిరగొచ్చు. 12 ఏళ్లలోపు పిల్లలకు పెద్దవాళ్లతో కలిసి ఉచితం, 60 దాటిన వారికి రాయితీ. కానీ ఫ్రాన్స్, ఇటలీల్లోని వేగం రైళ్లకు పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు విడిగా కట్టాలి. వెళ్లేది నాలుగైదు ఊళ్లే అయితే, ముందుగా కొన్న విడి టికెట్లే చవకగా రావచ్చు. స్విట్జర్లాండ్‌లో నాలుగు రోజులు ఉండేవాళ్లు స్విస్ ట్రావెల్ పాస్ లెక్క వేసి చూసుకోవాలి. రైళ్లతోపాటు బస్సులు, పడవలకూ అది పనికొస్తుంది.

ఇక్కడ మనవాళ్లు పడే పొరపాటు ఒకటుంది. చవకగా వస్తున్నాయని వీసా రాకముందే టికెట్లు కొనేస్తారు. చాలా చవక టికెట్లు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదు. వీసా ఆలస్యమైతే అంతా నష్టమే. వెనక్కిచ్చే షరతు ఉందో లేదో చదివాకే కార్డు బయటకు తీయాలి.

ఏ ఎండకా గొడుగు

ఆ కుటుంబం ఒక సాయంత్రం కూర్చుని దారిని ముక్కలు ముక్కలుగా విడదీసింది. ప్యారిస్ నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దులోని బాసెల్‌కు రైల్లో మూడు గంటలు. అక్కణ్నుంచి ఇంటర్‌లాకెన్‌కు మరో రెండు గంటలు. అదే కారైతే ఆగకుండా నడిపినా ఆరు గంటలు దాటుతుంది. 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కు కారు దారే లేదు. సొంత కారున్నా కింద వదిలి కొండరైలో, కేబుల్ కారో ఎక్కాల్సిందే. ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కు వేగం రైల్లో గంటన్నర. ఇవన్నీ రైలు ఖాతాలోకి వెళ్లాయి.

మిగిలింది ఫ్లోరెన్స్ చుట్టూ ఉన్న టస్కనీ కొండలు. రాతి బురుజుల ఊరు శాన్ జిమిగ్నానోకు రైల్వే స్టేషనే లేదు. ద్రాక్ష తోటల మధ్య పల్లెలకు బస్సులు తక్కువ. అక్కడ కారుంటేనే ఆనందం. ఫ్లోరెన్స్ విమానాశ్రయంలో కారు తీసుకుని, రెండు రోజులు పల్లెలు తిరిగి, మళ్లీ అక్కడే అప్పగిస్తే వేరే ఊళ్లో వదిలే రుసుం ఉండదు. పాతనగరంలోకి కారు తేవాల్సిన అవసరమూ రాదు. స్టేషన్‌కు ట్రామ్ ఉంది. అప్పటికి వారం గడిచి ఉంటుంది కాబట్టి కుడివైపు నడిచే ట్రాఫిక్ కూడా కళ్లకు అలవాటవుతుంది.

మరి అమ్మ మోకాళ్లు? కొడుకు కారు కావాలన్నదే అందుకు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో నడవలేని ప్రయాణికులకు రైలు ఎక్కడానికి, దిగడానికి ఉచితంగా సాయం చేస్తారు. కనీసం 24 గంటల ముందు చెప్పాలి. స్విట్జర్లాండ్ రైల్వేలోనూ ఇలాంటి సాయం ఉంది. ఆ సంగతి తెలిశాక, అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న తల్లే తేల్చేసింది. ‘నాకోసమని నువ్వు పన్నెండు రోజులూ రోడ్డు వంకే చూస్తూ కూర్చుంటావా నాన్నా! మరి ఆ కొండలు నువ్వెప్పుడు చూస్తావు?’

కొడుకు ఇంకేమీ అనలేదు. ఒక్కొక్కరికి ఒక చిన్న పెట్టె చాలని ఆ రాత్రే తీర్మానించారు. మర్నాడు పొద్దున వీసా దరఖాస్తు నింపడం మొదలుపెట్టారు. టికెట్లు కొనేది మాత్రం వీసా చేతికొచ్చాకే!