రొక్కము నేరమా?

చేతిలో నోటున్నవాడు వెనుకబడినవాడనియు, రొక్కము లేని వ్యవహారమే అభివృద్ధికి గుర్తనియు చెప్పెడు వాదమొకటి మన దేశమున ప్రబలుచున్నది. వాదముగనే యున్నచో మేము ఉపేక్షింతుము. కాని యది శిక్షగా మారుచున్నది. జాతీయ రహదారుల టోలుగేట్ల వద్ద ఫాస్టాగ్ లేని బండివాడు రొక్కమిచ్చినచో రెట్టింపు, యూపీఐ మూలమున నిచ్చినచో ఒకటింబావు రెట్లు చెల్లింపవలెనని 2025 నవంబరు 15 నుండి నియమము పెట్టిరి. 1934 నాటి రిజర్వుబ్యాంకు చట్టము నోటును దేశమంతట చెల్లుబాటగు ధనమనుచున్నది. ఆ నోటునే యిచ్చినవానికి జరిమానా వేయుట ఏమి న్యాయము?

రొక్కము నల్లధనమునకు నెలవని కొందరందురు. 2016 నవంబరు 8 రాత్రి ఈ మాట చెప్పియే 500, 1,000 రూపాయల నోట్లను రద్దుచేసిరి. విలువనుబట్టి దేశములోని నోట్లలో నూటికి 86 వంతులు చెల్లకపోయెను. కూలివాడు బ్యాంకు వాకిట నిలిచి పనిదినములు పోగొట్టుకొనెను. తుదకు నూటికి 99 వంతులకు పైగా నోట్లు తిరిగివచ్చినవని రిజర్వుబ్యాంకే 2018లో ప్రకటించెను. నాడు సుమారు 18 లక్షల కోట్ల రూపాయలుగా నున్న చెలామణి పిదప 35 లక్షల కోట్లను మించెను. నిర్బంధముచే అలవాటు మారదనుటకు వేరు నిదర్శనమేల?

మారినచోట మారుటకు కారణము సౌకర్యము. 2016లో ఆరంభమైన యూపీఐ సులభమైనందునను, 2020 జనవరి నుండి వర్తకునివద్ద రుసుము లేనందునను వ్యాపించెను. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దానిపై 2,000 కోట్లకు మించిన చెల్లింపులు జరిగినవి. ఇది మనవారి ప్రజ్ఞ, గర్వింపదగినదే. కాని మనము వేసిన ఈ బాటపై నడచు బండ్లెవరివి? అయిదింట నాలుగు వంతుల చెల్లింపులు ఫోన్‌పే, గూగుల్‌పేల ద్వారమున సాగుచున్నవి. మొదటిదానిలో అధికభాగము అమెరికా వాల్‌మార్టుది. రెండవది అమెరికా గూగుల్‌ది. ఏ సంస్థకును నూటికి 30 వంతులు మించరాదని 2020లో ప్రకటించిన నియమమును పలుమారులు వాయిదావేసి 2026 డిసెంబరు ఆఖరునకు త్రోసిరి. స్వదేశీ యనుట ఇదియేనా?

ఇక బీదల మాట. అక్షరము రాని వృద్ధురాలు తన రహస్యసంఖ్యను పొరుగువానిచే నొక్కింపవలసివచ్చుచున్నది. వాడు మోసగించినచో? రహస్యసంఖ్యను ఇతరులకు తెలిపినవారు, బ్యాంకునకు ఫిర్యాదుచేయువరకు కలిగిన నష్టమంతయు తామే భరింపవలెనని 2017లో రిజర్వుబ్యాంకు నియమము చేసెను. చదువురానివారికి సాయము కోరుటయే నిర్లక్ష్యమయ్యెను! సామాన్యపు ఫోనువారికై 2022లో వేరొక పద్ధతి పెట్టిరి. ఫోనే లేనివారికి దిక్కెవరు?

మేము నూతన పద్ధతికి విరోధులము కాము, నిర్బంధమునకు విరోధులము. ప్రజాసేవ జరుగు ఏ చోటను రొక్కమును నిరాకరింపరాదు, దానిపై అదనము వసూలుచేయరాదు. మోసపోయిన నిరక్షరాస్యుని నష్టమును బ్యాంకులు భరింపవలెను. 30 వంతుల నియమమును ఇక వాయిదా వేయరాదు. ఈ మూడును నెరవేర్చిన పిమ్మట రొక్కము లేని దేశమునుగూర్చి ప్రభుత్వమువారు మాటలాడుదురు గాక!