యార్డు దాకా రాని జర్నలిజం చదువు

తాండూరు మార్కెట్ యార్డులో కందులకు ఏ రోజైనా మూడు ధరలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అదే మోడల్ ధర. మర్నాడు పేపర్లో పెద్దక్షరాల్లో వచ్చేది మాత్రం చాలాసార్లు గరిష్ఠ ధరే. అది ఒకటి రెండు కుప్పలకే పలికి ఉండొచ్చు. దాన్ని నమ్మి బండి కట్టుకొచ్చిన రైతు సాయంత్రం తక్‌పట్టీలో తన సరుకుకు కట్టిన ధర చూసుకుని ఏమనుకుంటాడు? రాసిన విలేకరి అబద్ధం రాయలేదు. ఏ అంకె ఎవరి సంగతి చెబుతుందో అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే.

నేర్పే చోట్లు లేవా అంటే, ఉన్నాయి. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది. అమెరికా నుంచి వచ్చిన ప్రొఫెసర్ డి ఫారెస్ట్ ఓడెల్ దాని తొలి అడుగులు వేయించారు. తర్వాత తెలుగు విశ్వవిద్యాలయం ఈ చదువును తెలుగులోకి తెచ్చింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంది, ఉర్దూ మాధ్యమంలో కావాలంటే మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయంలో ఉంది. అన్నీ ఒక్క నగరంలోనే. తాండూరు పిల్లలు రైలెక్కి వెళ్లాల్సిందే. చదువయ్యాక వాళ్లు వెనక్కి రావడం లేదని నిందించలేం. ఇక్కడ దొరికేది నెల జీతం కాదు, అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్. దానికి తోడు పండగ పండక్కీ ప్రకటనలు తేవాలన్న ఒత్తిడి. ఎవరి దగ్గర ప్రకటన అడిగాడో వాళ్ల క్వారీ మీద ఆ విలేకరి ఏం రాయగలడు?

రాయవలసింది ఎంత ఉందో చూడండి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వల్ల రైతుకు క్వింటాలుకు దక్కిందేమిటన్నది ఏటేటా తవ్వి తీయాల్సిన కథనం. నాపరాళ్ల గనులున్నాయి, పాలిషింగ్ యూనిట్లున్నాయి, ఆ దుమ్ము పీల్చే కూలీలున్నారు. బషీరాబాద్ దాటితే కర్ణాటక. సంతలో తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ కలిసే వినబడతాయి. ఇన్ని భాషల ఊరిని ఒక్క భాషలో అడిగి రాస్తే సగం మంది మాట జారిపోతుంది.

సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టినప్పుడు ఆయన చేతిలో ఉన్నది న్యాయశాస్త్ర పట్టా. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట వినబడితే ఆయన తిట్టలేదు, ఊరూరి నుంచీ రచనలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆధారం పోగుచేసి జవాబు చెప్పడం ఎలాగో నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం మన తరగతి గదులకు ఎక్కడ దొరుకుతుంది?

తాండూరుకు ఉత్తరాన, జహీరాబాద్ దగ్గరి మాచనూరులో మరో పాఠం ఉంది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పినా, కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు మొదట విద్యాసంస్థలకే కలిగింది. స్వచ్ఛంద సంస్థలకు 2006లో గానీ తలుపు తెరుచుకోలేదు. 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది దళిత మహిళలు, చిన్న కమతాల రైతులు. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, పాటల గురించి తమ యాసలోనే మాట్లాడుకున్నారు. ఏది వార్తో తేల్చుకోవడానికి వాళ్లు నగరం డెస్కును అడగలేదు. మీడియా చదివే ప్రతి విద్యార్థీ కొన్నాళ్లు ఆ స్టూడియోలో కూర్చుని రావాలని మా గట్టి కోరిక.

విశ్వవిద్యాలయాలను మేం అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఎం.ఏ.లో ఒక సెమిస్టరు తాండూరు లాంటి ఊళ్లలో గడపాలి. సమాచార హక్కు దరఖాస్తు రాయడం, గని లీజు కాగితం చదవడం, యార్డు ధరల పట్టీ అర్థం చేసుకోవడం అక్కడే నేర్పాలి. ఇక్కడ ఇప్పటికే పనిచేస్తున్న మండల విలేకరులను కూడా అదే తరగతిలో కూర్చోబెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఊరు విలేకరులకు తెలుసు, పద్ధతి విద్యార్థులకు తెలుసు. విద్యార్థి రాసిన కథనాన్ని మార్కులు వేసే ముందు యాలాలలోనో పెద్దేముల్‌లోనో ఆ రైతులకే చదివి వినిపించాలి, వాళ్లు తప్పన్నచోట మళ్లీ వెళ్లి కనుక్కోవాలి. పిల్లల్ని పంపేదేదో కందులు యార్డుకొచ్చే జనవరిలోనే పంపండి.